మైకు సెట్టు అద్దె: అమానతు ఎవరి చేతిలో ఉంది?

నికాహ్, వలీమా, మద్రసా వార్షిక జల్సా, దస్తార్‌బందీ, సీరత్ సభ... మన బస్తీలలో ఏ కార్యక్రమం తలపెట్టినా షామియానా తరువాత జ్ఞాపకం వచ్చేది మైకు సెట్టే. ఒకప్పుడు టెంట్ హౌస్ నుండి ఒక యాంప్లిఫయర్, రెండు బాకాలు, ఒక మైకు వచ్చేవి. వాటిని మోసుకొచ్చిన మనిషే వాటి ప్రక్కన చాప పరచుకుని కూర్చునేవాడు. సామాను వేరు, మనిషి వేరు అనే ఆలోచన ఎవరికీ ఉండేది కాదు. నేడు పరిస్థితి మారింది. మిక్సర్, కార్డ్‌లెస్ మైకులు, పెద్ద స్పీకర్లు, ప్రొజెక్టర్, ఎల్‌ఈడీ తెర, స్త్రీల విభాగంలో వేదికను చూపే టీవీ, ఇవన్నీ మధ్యతరగతి ఇంటి పెళ్లికి కూడా వస్తున్నాయి. దుకాణం వారు మొదటే ఒక ప్రశ్న అడుగుతున్నారు: “ఆపరేటర్‌తో సహా కావాలా? సామాను మాత్రమే చాలునా?”

చాలామంది ఈ ప్రశ్నను ధరకు సంబంధించినదిగా మాత్రమే భావిస్తారు. ఆపరేటర్ లేకుంటే ఎంత మిగులుతుందో లెక్క వేసుకుని, “మా మేనల్లుడికి ఇవన్నీ తెలుసులెండి” అని సామాను తెచ్చుకుంటారు. వాస్తవానికి ఆ ప్రశ్నలో ఉన్నవి రెండు ధరలు కావు, రెండు వేర్వేరు ఒప్పందాలు. ఒకదానిలో పరాయి వ్యక్తి సొత్తు మన చేతికి అమానతుగా వస్తుంది. రెండవదానిలో ఆ సొత్తు దాని యజమాని మనిషి చేతిలోనే ఉంటుంది. మనకు అందేది దాని ప్రయోజనం మాత్రమే. నష్టం వాటిల్లిన రోజున ఎవరు బాధ్యులు, ఎవరు కారు అనేది ఈ ఒక్క తేడాపైనే ఆధారపడి ఉంటుంది. ఈ మాసం మేము ఈ విషయాన్నే పాఠకుల ముందు ఉంచదలిచాము.

ఇజారా అంటే ఏమిటి?

ధర్మశాస్త్రంలో అద్దెను, కిరాయిని ‘ఇజారా’ అంటారు. ప్రతిఫలం తీసుకుని ప్రయోజనాన్ని విక్రయించడమే ఇజారా. వస్తువు యజమానిదిగానే ఉంటుంది, దాని ఉపయోగం మాత్రం నిర్ణీత కాలానికి మనదవుతుంది. ఫిఖ్హ్ పండితులు దీనిని రెండు విధాలుగా విభజించారు. ఒకటి, వస్తువుల ఇజారా: ఇల్లు, పశువు, పనిముట్టు వంటివి. రెండవది, మనుషుల ఇజారా: కూలీ, వంటవాడు, దర్జీ, మార్గదర్శి వంటివారి శ్రమ. మన మద్రసాలలో బోధించే ఇమామ్ మర్గీనానీ (హి.శ. 593 / క్రీ.శ. 1197లో మరణించారు) రచన ‘అల్ హిదాయా’లో ఇజారాకు ఒక ప్రత్యేక ప్రకరణమే ఉంది. 1869 - 1876 మధ్య ఉస్మానియా ప్రభుత్వం క్రోడీకరించిన ‘మజల్లా’లో కొనుగోలు అమ్మకాల తరువాత రెండవ గ్రంథం ఇజారాదే. ఒంటెలనూ, తిరగళ్లనూ దృష్టిలో ఉంచుకుని పూర్వీకులు చేసిన ఈ చర్చ నేటి మిక్సర్‌కూ, ఎల్‌ఈడీ తెరకూ అక్షరాలా వర్తిస్తుందంటే ఆశ్చర్యపడనవసరం లేదు. వస్తువులు మారాయి గాని వాటిని అద్దెకు తీసుకునే మనిషి స్వభావం మారలేదు.

సామానును, దానిని నడిపే నేర్పరిని వేర్వేరుగా సమకూర్చుకోవడానికి మనకు హిజ్రత్ ప్రయాణంలోనే ఒక చక్కని ఉదాహరణ లభిస్తుంది. దైవప్రవక్త ముహమ్మద్ (స), హజ్రత్ అబూబక్ర్ (రజి) మక్కా విడిచి బయలుదేరినప్పుడు ఒంటెలు వారివే. తమ ఒంటెను సైతం దైవప్రవక్త (స) ఉచితంగా స్వీకరించక వెల చెల్లించే తీసుకుంటామన్నారు. కాని దారి తెలిసిన మనిషి కావాలి. అందుకై బనూ దీల్ తెగకు చెందిన ఒక నిపుణుడిని కిరాయికి నియమించుకున్నారు. ఆ వ్యక్తి అప్పటికి విశ్వాసి కాడు. అయినా అతని నేర్పునూ, నమ్మకాన్నీ చూసి తమ రెండు ఒంటెలను అతనికి అప్పగించి, మూడు రాత్రుల తరువాత సౌర్ గుహ వద్దకు తీసుకురమ్మని గడువు చెప్పారు. పని ఏమిటి, ఎక్కడికి రావాలి, ఎప్పుడు రావాలి, ఇవన్నీ ముందే నిర్ణయమైపోయాయి. ప్రాణాపాయం వెన్నాడుతున్న వేళ కూడా ఒప్పందంలో అస్పష్టత లేదు. మనం మాత్రం తీరికగా కూర్చుని పెళ్లి మాట్లాడుకునే వేళ కూడా, “చూద్దాంలే, తరువాత మాట్లాడుకుందాం” అని మైకు సెట్టు తెప్పించుకుంటున్నాము!

మా వద్దకు వచ్చిన ఒక వివాదం

కొద్ది మాసాల క్రితం ఇద్దరు వ్యక్తులు తమ తగవును తీర్చమని మా వద్దకు వచ్చారు. ఒకరు కూతురి పెళ్లి చేసిన తండ్రి. మరొకరు సౌండ్ సిస్టమ్ అద్దెకిచ్చే యువకుడు. వాయిదాల మీద సామాను కొనుక్కుని, ఆ అద్దెలతోనే తల్లిని, చెల్లెళ్లను పోషిస్తున్నవాడు. షాదీఖానా లోపల నికాహ్ కోసమని రెండు స్పీకర్లు, యాంప్లిఫయర్, మిక్సర్, నాలుగు మైకులు అద్దెకు మాట్లాడుకున్నారు. ఆపరేటర్ వద్దన్నారు. నికాహ్ సవ్యంగానే జరిగింది. సాయంత్రం బంధువుల యువకులు ఆ సామానునే బయట మైదానంలోకి తరలించి, కరెంటు పోతే మరెక్కడి నుండో తెచ్చిన జనరేటర్‌కు తగిలించారు. దాని న్యూట్రల్ తీగ వదులుగా ఉంది. మూడు ఫేజుల జనరేటర్‌లో న్యూట్రల్ ఊడితే 230 వోల్టులు రావలసిన చోట 400కు చేరువగా కూడా రావచ్చు. యాంప్లిఫయర్ కాలిపోయింది, మిక్సర్ మూగబోయింది.

తండ్రి వాదన ఇది: “మేము అద్దె ఇచ్చాము. వస్తువు పాడైతే యజమానిదే నష్టం. అద్దె తీసుకునేది అందుకే గదా!” యువకుని వాదన ఇది: “బాగున్న సామాను ఇచ్చాను. కాలిన సామాను వచ్చింది. మొత్తం వెల ఇవ్వవలసిందే!” ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది, ఇద్దరి మాటా పూర్తి నిజం కాదు.

మేము మూడు ప్రశ్నలు అడిగాము. నష్టం జరిగినప్పుడు సామాను ఎవరి చేతిలో ఉంది? ఏ పనికి, ఏ చోటికి మాట్లాడుకున్నారు? మాట్లాడుకున్న హద్దు దాటడం గాని, జాగ్రత్తలో లోపం గాని జరిగిందా? అద్దె వస్తువు అద్దెదారు చేతిలో అమానతు. అతని ప్రమేయం, నిర్లక్ష్యం లేకుండా పాడైతే అతడు నష్టపరిహారం ఇవ్వనవసరం లేదు. తండ్రి మాటలోని నిజం ఇంతవరకే. హద్దు దాటిన క్షణాన అమానతుదారు జామిన్‌దారు అవుతాడు. గోధుమలు మోయడానికి పశువును అద్దెకు తీసుకున్నవాడు అంతే బరువు ఇనుము దానిపై ఎక్కించరాదని ఫిఖ్హ్ గ్రంథాలు చెబుతున్నాయి. బరువు ఒకటే అయినా ఇనుము ఒక్కచోటే వీపును నొక్కుతుంది గనుక. ఫలానా ఊరి వరకని మాట్లాడుకుని ఆ ఊరు దాటించినా అంతే. షాదీఖానా లోపలికని తెచ్చిన సామానును అడగకుండా మైదానానికి తరలించి, తెలియని జనరేటర్‌కు తగిలించడం అక్షరాలా గోధుమల పశువుపై ఇనుము వేయడమే. కనుక యాంప్లిఫయర్, మిక్సర్ బాగుచేయించే ఖర్చు తండ్రి భరించాలని చెప్పాము. కొత్త వస్తువు వెల కాదు, బాగుచేయించే ఖర్చు మాత్రమే. జరిగిన నష్టమెంతో పరిహారమూ అంతే.

సామానుతో పాటు వచ్చిన ఎక్స్‌టెన్షన్ బోర్డుకు ఎర్తు పిన్ను విరిగి ఉన్న సంగతి అప్పుడే బయటపడింది. ఆ విషయం యువకునికి ముందే తెలుసు, చెప్పలేదు. ఆ సాయంత్రం స్పీకరు జరిపిన పదమూడేళ్ల బాలుడికి చిన్నగా షాక్ తగిలి చేయి జలదరించిందట. అల్లాహ్ దయవల్ల అంతటితో పోయింది. యాంప్లిఫయర్‌కు ఖరీదు కట్టవచ్చు. ఆ బాలునికి ఏదైనా అయివుంటే ఏ తండ్రి, ఏ దుకాణదారు ఏ ఖరీదు కట్టేవారు? యువకునితో ఆ మాటే చెప్పాము. బోర్డు నష్టం, దాని బదులు కొత్తది కొనడం అతనిపైనే ఉంచాము. ఇద్దరూ అంగీకరించారు, ముసాఫహా చేసుకుని వెళ్లారు. ఆపరేటర్ కూలి మిగుల్చుకోబోయి దానికి అనేక రెట్లు చెల్లించవలసి వచ్చిందని మాత్రం ఆ తండ్రి మనసులో అనుకునే ఉంటారు.

దేశచట్టం ఏమంటోంది?

ఈ విషయంలో మన దేశచట్టం కూడా దాదాపు ఇదే దారిలో నడుస్తుంది. భారత కాంట్రాక్టు చట్టం, 1872 ప్రకారం పరుల వస్తువు చేతికి తీసుకున్నవాడు, వివేకం గల సామాన్యుడు తన సొంత వస్తువును చూసుకున్నట్టు దానిని చూసుకోవాలి (151వ సెక్షన్). అలా చూసుకున్నా నష్టం జరిగితే, వేరే ఒప్పందం లేనంతవరకు అతడు బాధ్యుడు కాడు (152). ఒప్పందానికి విరుద్ధంగా వాడితే ఆ వాడకంలో జరిగిన నష్టానికి బాధ్యుడు (154). గడువుకు తిరిగి అప్పగించకపోతే ఆ క్షణం నుండి జరిగే నష్టం కూడా అతనిదే (161). ఇక అద్దెకిచ్చిన వస్తువులో లోపం ఉండి దానివల్ల అద్దెదారుకు హాని జరిగితే, ఆ లోపం తనకు తెలియదన్నా సరే, యజమాని బాధ్యత తప్పించుకోలేడు (150). టెంట్ హౌస్ నడిపే సోదరులు ఈ చివరి మాటను గోడకు రాసి పెట్టుకోవలసి ఉంది.

ఆపరేటర్ లేకుండా తీసుకునేవారు పాటించవలసినవి

చిన్న సభకు సామాను మాత్రమే తెచ్చుకోవడంలో తప్పేమీ లేదు. యాంప్లిఫయర్ లోపలే అమర్చి ఉన్న ఒక స్పీకరు, ఒకటి రెండు మైకులు, ఒక టీవీ. ఇంతవరకైతే కాస్త తెలిసిన యువకుడు నడిపించగలడు. అయితే ఆ ఒక్కడెవరో ముందే నిర్ణయించి, పెద్దలందరి ఎదుట అతనికి అప్పగించండి. పదిమంది చేతుల్లో ఉన్న అమానతు ఎవరి చేతిలోనూ లేనట్టే.

సామాను తీసుకునే చోటే ప్రతి వస్తువును లెక్కించండి. తీగలు, స్టాండులు, రిమోటు కూడా లెక్కలోకి రావాలి. ఫోనులో ఫోటోలు తీసుకోండి. అక్కడే ఆన్ చేసి వినండి. గీతలు, సొట్టలు ఉంటే అప్పుడే చూపించండి. పదిహేను నిమిషాలు కూర్చుని వాడే విధానం నేర్పమనండి. ఆన్ చేసేటప్పుడు మిక్సర్ ముందు, యాంప్లిఫయర్ చివర. ఆపేటప్పుడు యాంప్లిఫయర్ ముందు, మిక్సర్ చివర. ఈ వరుస తప్పితే ‘ఢాం’ అనే శబ్దం వచ్చి స్పీకరు దెబ్బతినవచ్చు. మైకు కూత పెడుతోందంటే స్పీకరు శబ్దం తిరిగి మైకులోకే వెళుతున్నదని అర్థం. స్పీకర్లను వేదికకు ముందు, వక్తకు అటువైపుగా, శ్రోతల దిశగా పెట్టి, మైకును వాటి వెనుక ఉంచితే చాలావరకు తగ్గుతుంది. కార్డ్‌లెస్ మైకుకు కొత్త బ్యాటరీలు అదనంగా ఉంచుకోవాలి. ఖుత్బా మధ్యలో మాట ఆగిపోవడానికి ఎక్కువసార్లు అరిగిన బ్యాటరీయే కారణం. లాంప్ గల ప్రొజెక్టర్‌ను ఆపగానే ప్లగ్గు పీకకూడదు, ఫ్యాను ఆగేదాకా వేచి ఉండాలి. లాప్‌టాప్ నుండి ప్రొజెక్టర్‌కు వెళ్లే హెచ్‌డీఎంఐ తీగ మరీ పొడవైతే బొమ్మ రాకపోవచ్చు గనుక దూరం ముందే కొలిచి చెప్పాలి. ఎర్తు పిన్ను లేని బోర్డును, అతుకులు వేసిన తీగను ఎట్టి పరిస్థితిలోనూ తీసుకోవద్దు. తీగలు నడిచే దారికి అడ్డంగా ఉంటే టేపు అంటించి కప్పాలి. సభలకు వృద్ధులు వస్తారు, పసిపిల్లలు పరుగెత్తుతారు.

మరొక మాట. పక్కింటివారి స్పీకరునో, స్నేహితుని ప్రొజెక్టర్‌నో అద్దె లేకుండా తెచ్చుకుంటే అది ఇజారా కాదు, ‘ఆరియా’, అంటే బదులు. హునైన్ యుద్ధానికి ముందు దైవప్రవక్త (స) సఫ్వాన్ బిన్ ఉమయ్యా వద్ద కవచాలు బదులు తీసుకున్నారు. ఇది బలవంతంగా లాక్కోవడమా అని సఫ్వాన్ అడిగితే, కాదు, తిరిగి ఇచ్చే పూచీతో తీసుకునే బదులు అని స్పష్టం చేశారు. తరువాత వాటిలో కొన్ని కనబడకపోతే పరిహారం చెల్లిస్తామన్నారు. బదులు తెచ్చిన వస్తువు విషయంలో ఇమాముల మధ్య కొంత భేదాభిప్రాయం ఉంది. హనఫీ పండితులు దానిని అమానతు అంటారు, షాఫయీ పండితులు పూచీ ఉంటుందంటారు. కాని మర్యాద విషయంలో భేదం లేదు: ఉచితంగా ఇచ్చినవాని వస్తువును పాడుచేసి మౌనంగా తిరిగి పెట్టి రావడం విశ్వాసికి తగని పని. మసీదు మైకు సంగతి దీనికి భిన్నం. అది వక్ఫ్ సొత్తు. ముతవల్లీ మంచివాడు గదా అని దానిని పెళ్లి ఇంటికి తరలించే అధికారం ఆయనకు లేదు, మనకూ లేదు.

ఆపరేటర్‌తో సహా తీసుకుంటే

నాలుగైదు మైకులు, మిక్సర్, వేరు యాంప్లిఫయర్, ఎల్‌ఈడీ తెర, జనరేటర్. ఇవి ఉన్నచోట ఆపరేటర్ ఖర్చును ఆదా చేయాలనుకోవడం వివేకం కాదు. వంద చదరపు అడుగుల ఎల్‌ఈడీ తెర అనేక ఫలకల కూర్పు, ఎంతో బరువు. అది ఒరిగితే ముందు వరుసలో కూర్చున్న పిల్లల మీదనే పడుతుంది. దానిని నిలబెట్టడం, కట్టడం ఆ పని చేసేవారి బాధ్యతగానే ఉండాలి.

ఇక్కడ రెండు పద్ధతులున్నాయి. దుకాణం వారే తమ మనిషిని పంపితే సామాను యజమాని చేతిలోనే ఉన్నట్టు. ఆ మనిషి పొరపాటువల్ల పాడైతే మిమ్మల్ని అడిగే హక్కు దుకాణం వారికి లేదు. సామాను ఒకరి వద్ద, ఆపరేటర్‌ను మరొకరి వద్ద మాట్లాడుకుంటే ఆ ఆపరేటర్ మీరు నియమించుకున్న మనిషి. దుకాణం వారి ఎదుట జవాబుదారీ మీరే. మన ప్రాంతంలో ఈ రెండవ పద్ధతిలోనే తగాదాలు ఎక్కువ. ఫిఖ్హ్‌లో పలువురికి పని చేసే వృత్తి నిపుణుడిని ‘అజీర్ ముష్తరక్’ అంటారు. అతని చేతిలో వస్తువు పోతే ఏమిటన్న దానిపై ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) ఒక అభిప్రాయాన్ని, వారి శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) మరొక అభిప్రాయాన్ని వెల్లడించారు. అతని చేతి పనివల్లనే పాడైతే బాధ్యుడన్న విషయంలో ముగ్గురూ ఏకీభవించారు. తన చేతి పనికి కాకుండా పోయిన దానికి బాధ్యుడు కాడని ఇమామ్ గారు అన్నారు. పెద్ద అగ్నిప్రమాదం వంటి తప్పించుకోలేని ఆపద తప్ప మిగిలినవాటికి బాధ్యుడేనని శిష్యులు అన్నారు. మనుషుల సొత్తు కాపాడబడాలన్నదే వారి ఉద్దేశ్యం.

ఆపరేటర్‌ను పెట్టుకున్న తరువాత మిక్సర్‌ను అతని చేతిలోనే ఉండనివ్వాలి. సభలో పదిమంది లేచి “శబ్దం పెంచు, తగ్గించు” అనడం, ఎవరో బావమరిది వచ్చి మీటలు త్రిప్పడం మనం తరచు చూస్తున్నదే. ఆ మీట మీద చేయి వేసినవాడు అమానతులో చేయి వేసినట్టే. ఆ తరువాతి నష్టం అతని ఖాతాలోకి వస్తుంది. చెప్పవలసినది ఏదైనా ఉంటే కార్యక్రమ బాధ్యుడు ఒక్కడే చెప్పాలి.

ఇక ఆ ఆపరేటర్ కూడా మనిషే. చాలామంది ఇంకా ఇరవై దాటని పేద యువకులు. మధ్యాహ్నం సామాను దింపి, రాత్రి సభ ముగిశాక మళ్లీ ఎత్తి, తెల్లవారుజామున ఇల్లు చేరతారు. వలీమాలో వందలమంది భోంచేస్తారు, మూలన కూర్చున్న అతనిని పిలిచేవారుండరు. అతడు ముస్లిమైతే నమాజు వేళకు ఎవరో ఒకరు అక్కడ నిలబడి అతనికి వెసులుబాటు కల్పించాలి, ఏ మతస్థుడైనా భోజనానికి పిలవాలి. వానలో తడిసిన స్తంభం ఎక్కమనీ, కరెంటు తీగకు కొక్కెం వేయమనీ అతనిని బలవంతపెట్టడం ఘోరమైన అన్యాయం. కూలివాని చెమట ఆరకముందే అతని కూలి చెల్లించమన్నది దైవప్రవక్త (స) ఉపదేశం. “దుకాణం వాడు ఇస్తాడులే” అని మనమూ, “పెళ్లివారు ఇస్తారులే” అని దుకాణం వారూ అనుకుంటే చెమట ఆరిపోతుంది, కూలి మాత్రం అందదు. ఎవరివ్వాలో ముందే తేల్చుకోండి. తన తండ్రికి మూసా (అలైహి) ను పనికి పెట్టుకొమ్మని సలహా ఇచ్చిన యువతి రెండు గుణాలను ప్రస్తావించిందని దివ్య ఖుర్ఆన్ తెలుపుతుంది: సామర్థ్యం, విశ్వసనీయత. ఆపరేటర్‌ను ఎన్నుకునేటప్పుడు మనం చూడవలసినవీ ఈ రెండే.

విశ్వసనీయత కెమెరా విషయంలో మరీ ముఖ్యం. స్త్రీల విభాగంలో టీవీ పెట్టి వేదికను చూపడం వేరు, స్త్రీల విభాగాన్ని చిత్రీకరించడం వేరు. కెమెరాతో మనిషి వస్తున్నాడంటే ఏది తీయాలి, ఏది తీయరాదు, మెమరీ కార్డు ఎవరి వద్ద ఉండాలి, నకళ్లు ఎప్పుడు తుడిచివేయాలి అనేవి ఒప్పందంలో ఉండాలి. తమ పనికి ప్రచారంగా పెళ్లి దృశ్యాలను యూట్యూబ్‌లోనో, వాట్సాప్ స్టేటస్‌లోనో పెట్టరాదని స్పష్టంగా రాయించుకోండి. కాలిన యాంప్లిఫయర్ బాగవుతుంది. బయటికి పోయిన ఆడపిల్ల చిత్రాన్ని వెనక్కి తెచ్చే మరమ్మతు ఏదీ లేదు.

డిపాజిట్, అడ్వాన్సు, రద్దు

డిపాజిట్ తీసుకోవడం ధర్మసమ్మతమే, కాని అది అమానతు. నష్టం జరగకపోతే పూర్తిగా తిరిగి ఇవ్వాలి. జరిగితే నష్టం మేరకే మినహాయించుకోవాలి. “ఏం జరిగినా, ఎవరి తప్పైనా, అద్దెదారే చెల్లించాలి” అని కొందరు రసీదు వెనుక అచ్చు వేయిస్తున్నారు. అమానతుదారుపై ఇలా నిరపేక్షమైన పూచీ మోపే షరతు హనఫీ పండితుల దృష్టిలో చెల్లదు. దానికి బదులు “నిర్లక్ష్యం వల్ల గాని, ఒప్పందం మీరడం వల్ల గాని నష్టం జరిగితే అద్దెదారు భరించాలి” అని రాస్తే ఇరువురికీ న్యాయం జరుగుతుంది.

సామాను పనిచేయక ప్రయోజనం పూర్తిగా అందకపోతే అద్దె అడగరాదు. సామాను సక్రమంగా అందించిన తరువాత మీరే వాడుకోకపోతే అద్దె చెల్లించవలసిందే. వంటవానిని వలీమా కోసం మాట్లాడుకున్నాక దంపతులు ఖులాతో విడిపోతే ఆ ఒప్పందం రద్దవుతుందని ‘హిదాయా’లో ఉంది. మరణమో, అటువంటి అనివార్య కారణమో ఎదురైతే మైకు సెట్టు వారు కూడా ఈ ఉదారతను చూపాలి. రద్దయితే అడ్వాన్సును పూర్తిగా జప్తు చేసుకోవడాన్ని అధిక సంఖ్యాక ఫిఖ్హ్ పండితులు సమ్మతించలేదు, హంబలీలు అనుమతించారు. భేదాభిప్రాయం ఉన్నచోట మధ్యేమార్గంగా, జరిగిన వాస్తవ ఖర్చును మినహాయించుకుని మిగిలినది తిరిగి ఇవ్వడం తఖ్వాకు చేరువ.

పొరుగువారి హక్కు

అద్దె మనం చెల్లిస్తాము, శబ్దం మాత్రం పొరుగువారు భరిస్తారు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్ స్పీకరుకు అధికారుల లిఖితపూర్వక అనుమతి ఉండాలి. రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు బహిరంగ ప్రదేశంలో దానిని వాడరాదు. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చు. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. 2005లో సుప్రీంకోర్టు కూడా ఈ విషయమై వివరమైన తీర్పు ఇచ్చింది. చట్టం సంగతి అటుంచినా, పొరుగింట జ్వరంతో పడి ఉన్న వృద్ధుని నిద్ర చెరిపి మనం వినిపించే ధర్మబోధ ఎవరిని ఆకట్టుకుంటుంది? ఆపేసే సమయాన్ని ఒప్పందంలోనే రాయించి, ఆ సమయానికి ఎవరినీ అడగకుండా ఆపే అధికారం ఆపరేటర్‌కు ఇవ్వండి.

ఒక్క కాగితం చాలు

దివ్య ఖుర్ఆన్‌లో అన్నింటికంటే పెద్ద వాక్యం ఏదో పాఠకులకు తెలిసినదే. అది ఆరాధన గురించినది కాదు, అప్పును కాగితంపై రాసుకోవడం గురించినది. అద్దె ఒప్పందానికి కూడా అదే స్ఫూర్తితో ఒక కాగితం రాసుకుందాము. అందులో ఈ సంగతులు ఉంటే చాలు: సామాను జాబితా, దాని ప్రస్తుత స్థితి, ఏ కార్యక్రమం, ఏ చోటు, హాలు లోపలా బయటా, ఏ గంట నుండి ఏ గంట వరకు, అద్దె ఎంత, ఎప్పుడు చెల్లించాలి, ఆపరేటర్ ఉన్నాడా, ఉంటే ఎవరి మనిషి, అతని కూలి, భోజనం ఎవరిపై, రవాణా, జనరేటర్ డీజిల్, బ్యాటరీలు ఎవరివి, నష్టం జరిగితే బాధ్యత ఎవరిది, రద్దయితే ఏమిటి, చిత్రీకరణపై షరతులు. ఇరువురి సంతకాలు, ఇద్దరు సాక్షులు. పావుగంట పని. ప్రయోజనం, ప్రతిఫలం, కాలం తెలియని ఇజారా సరైన ఇజారా కాదన్నది ధర్మశాస్త్ర సూత్రం. ఆ కాగితం ఆ మూడింటినీ తేటతెల్లం చేస్తుంది.

అలా రాసుకోవడం అపనమ్మకానికి చిహ్నమని కొందరు నొచ్చుకుంటారు. మా అనుభవంలో దీనికి విరుద్ధంగానే జరుగుతుంది. రాసుకున్నవారు మరుసటి పెళ్లికి మళ్లీ అదే దుకాణానికి వెళతారు. రాసుకోనివారు ఒకే మసీదులో ఒకే వరుసలో నిలబడి సలాం చెప్పుకోకుండా వెళ్లిపోతారు. అద్దె తీసుకునే సోదరులు పరుల సొమ్మును తమ సొమ్ముకంటే జాగ్రత్తగా చూసుకోవాలి. అద్దెకిచ్చే సోదరులు లోపాన్ని దాచకుండా చెప్పి, సరైన సామాను ఇవ్వాలి. ఇంటి సోదరీమణులు ఆపరేటర్ కుర్రవానికి ఒక పళ్లెం భోజనం పంపడం మరువరాదు. అమానతులను వాటి హక్కుదారులకు సక్రమంగా చేర్చే సద్బుద్ధిని, మాట నిలుపుకునే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.